అద్దం నుంచి చేతుల వరకు: ఓల్గా ‘సమాగమం’ కథలో దేహగౌరవం - సిరిసిల్ల శ్రామిక స్త్రీల నేపథ్యంలో పునఃపఠనం

వ్యాససంగ్రహం:

తన శరీరాన్ని తాను గౌరవించుకోవడం, దానితో నిబ్బరంగా బతకడం నేడు విస్తృతంగా చర్చకు వస్తున్న అంశం. ఈ చర్చ చాలావరకు రూపం చుట్టూ, అద్దం చుట్టూ తిరుగుతున్నది. ఓల్గా ‘సమాగమం’ కథలోని శూర్పణఖ ఇందుకు భిన్నమైన మార్గంలో తన దేహంతో రాజీపడుతుంది. ఆ మార్గం ఆమె చేతులు చేసే పని. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీల జీవితం పక్కన ఈ కథను ఉంచి చదివినప్పుడు, చేతులు ఎప్పుడు విముక్తినిస్తాయి, ఎప్పుడు అవే మరో కొలబద్దగా మారతాయి అనే ప్రశ్న తలెత్తుతుంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దేహగౌరవం, ఓల్గా, సమాగమం, శూర్పణఖ, సిరిసిల్ల, బీడీ కార్మికులు, స్త్రీవాదం, శ్రమ.

1. ఉపోద్ఘాతం:

‘కాకి పిల్ల కాకికి ముద్దు’ అనే సామెత తెలుగువారందరికీ పరిచితం. పైకి ఇది ప్రేమను చెప్పే మాటలా కనిపిస్తుంది. కాని ఆ పిల్ల అందమైనది కాదన్న తీర్పు అందులో ముందే ఉంది. తల్లికి ఆ లోపం కనిపించదని మాత్రమే సామెత చెబుతున్నది. రూపం విషయంలో సమాజం ఇచ్చే ఊరడింపుల్లో ఎక్కువ భాగం ఈ తీరులోనే ఉంటాయి. ‘నలుపైనా కళ ఉంది’, ‘లావైనా ముఖం బాగుంటుంది’ వంటి మాటల్లో ఆ ‘ఐనా’ అనే ప్రత్యయమే అసలు తీర్పు. దేహగౌరవం గురించి ఆలోచించే సాహిత్యం ముందుగా ఎదుర్కోవలసింది ఈ ‘ఐనా’నే.

ఆధునిక తెలుగు కథల్లో ఈ పనిని నేరుగా చేపట్టిన వాటిలో ఓల్గా రాసిన ‘సమాగమం’ ముఖ్యమైనది. పోపూరి లలితకుమారి ‘ఓల్గా’ కలం పేరుతో రాసిన ఈ కథ, ‘విముక్త’ సంపుటిలో ‘మృణ్మయనాదం’, ‘సైకత కుంభం’, ‘విముక్త’, ‘బంధితుడు’ కథలతో కలిసి వెలువడింది. ఈ సంపుటికి 2015 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. దీనిపై వచ్చిన విమర్శ ఎక్కువగా రామాయణ పునఃకథనం, స్త్రీల మధ్య సోదరీత్వం అనే రెండు అంశాలపై నిలిచింది. ‘సమాగమం’ను దేహానికి సంబంధించిన కథగా చదవవలసిన అవసరం ఇంకా ఉన్నది.

ఆ పఠనానికి సిరిసిల్లను నేపథ్యంగా తీసుకోవడానికి స్పష్టమైన కారణం ఉంది. పోగొట్టుకున్న దేహగౌరవాన్ని శూర్పణఖ తన చేతుల పని ద్వారా తిరిగి పొందుతుంది. వేలాది కుటుంబాలు చేతుల పని మీదే బతికే సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతంలో ఈ ప్రతిపాదన ఎంతవరకు నిలబడుతుందో పరీక్షించవచ్చు. కథను అక్కడి జీవితం ముందు నిలబెట్టడం వల్ల కథ బలమూ, దాని పరిమితీ రెండూ తేటపడతాయి.

2. దేహగౌరవ భావన - రెండు మార్గాలు:

లావుపాటి శరీరాల పట్ల వివక్షకు వ్యతిరేకంగా అమెరికాలో 1969లో ఒక జాతీయ సంఘం ఏర్పడింది. దేహాన్ని ఉన్నదున్నట్లుగా స్వీకరించాలనే నేటి ఉద్యమానికి మూలాలు ఆ కాలపు కృషిలో ఉన్నాయి. భారతదేశంలో ఈ చర్చ బరువు కన్నా ముందు చర్మపు రంగును పట్టించుకున్నది. 2009లో చెన్నై కేంద్రంగా ‘డార్క్ ఈజ్ బ్యూటిఫుల్’ ప్రచారం మొదలైంది. దశాబ్దాల పాటు అమ్ముడైన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’గా పేరు మార్చుకున్నది. సీసా మీద పేరు మారినంత మాత్రాన పెళ్ళిచూపుల్లో ‘చామనఛాయ’ అనే మాట బరువు తగ్గలేదు.

తెలుగు సాహిత్యంలో స్త్రీ దేహం గురించిన సూటి చర్చ 1980వ దశకపు స్త్రీవాద కవిత్వంతో ముందుకు వచ్చింది. జయప్రభ ‘చూపులు’, ‘పైటను తగలెయ్యాలి’ కవితలు, కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ అప్పటివరకు కవిత్వానికి తగవనుకున్న దేహానుభవాలను వస్తువుగా స్వీకరించాయి. 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనం ఈ గొంతులను ఒకచోట చేర్చింది. ఈ కవిత్వాన్ని అశ్లీలమని నిందించిన విమర్శకులూ ఉన్నారు. ఆ నింద ఒక విషయాన్ని బయటపెట్టింది. కవులు స్త్రీ అంగాంగాలను శతాబ్దాల పాటు వర్ణించినప్పుడు అది శృంగార రసమైంది. అదే దేహం గురించి స్త్రీ తన అనుభవాన్ని చెప్పినప్పుడు అసభ్యమైంది. కాబట్టి వివాదం అసలు దేహం గురించి కాదు, దేహం గురించి మాట్లాడే అధికారం ఎవరిదన్నదాని గురించి.

ఈ చర్చ జనసామాన్యంలోకి వచ్చినప్పుడు ఏమయిందో 2015 నవంబరులో విడుదలైన ‘సైజ్ జీరో’ చిత్రం చూపిస్తుంది. ప్రకాష్ కోవెలమూడి దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రం కోసం కథానాయిక అనుష్క శెట్టి బరువు పెరిగారు. సన్నబరుస్తామని చెప్పి శరీరాలతో వ్యాపారం చేసే సంస్థను ఈ చిత్రం ఎండగట్టింది. తెలుగు వాణిజ్య సినిమాలో లావుపాటి స్త్రీ హాస్యపాత్రకే పరిమితమైన రోజుల్లో ఆమెను కథకు కేంద్రం చేయడం గుర్తించదగిన మార్పు. అయితే కథ చివరకు ఆమెను ఉన్నదున్నట్లుగా ప్రేమించే పురుషుడి వద్దకే చేరుతుంది. ఆమెకు తన దేహంపై కలిగిన నమ్మకానికి ఒక ప్రేమికుడి అంగీకారం ముద్రగా పడుతుంది. చూసే కన్ను దయగలదైంది కాని, కన్ను మాత్రం ఉన్నచోటనే ఉన్నది.

దీన్ని అద్దపు మార్గం అనుకుంటే, అదే ఏడాది అకాడమీ పురస్కారం పొందిన ‘విముక్త’లో కనిపించేది మరో మార్గం.

3. శూర్పణఖ - పోలికలో పుట్టిన వికృతి:

వాల్మీకి రామాయణం అరణ్యకాండలో శూర్పణఖ ప్రవేశించే ఘట్టం వర్ణనలో ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉన్నది. కవి ఆమెను విడిగా వర్ణించడు. రాముడి ముఖం పక్కన ఆమె ముఖాన్ని, అతని నడుము పక్కన ఆమె పెద్ద పొట్టను, అతని కళ్ళ పక్కన ఆమె కళ్ళను, అతని జుట్టు పక్కన ఆమె రాగిరంగు జుట్టును జంటలు జంటలుగా నిలబెడతాడు. ఆమె వికృతి ఆమెలో ఉన్న గుణంగా రాక, పోలిక ఫలితంగా వస్తుంది. కొలత ముందే నిర్ణయమై ఉంది. ఆమె దానికి సరిపోలేదు. నేటి బరువు పట్టికలు, రంగు పోలికలు అనుసరించే తర్కం ఇంతకన్నా పెద్దగా భిన్నమైనది కాదు.

ఆ తరువాత జరిగేది శిక్ష. లక్ష్మణుడు ఆమె ముక్కుచెవులు కోస్తాడు. కోరికను బయటపెట్టిన స్త్రీకి పడిన శిక్ష ఆమె ముఖం మీదనే పడింది. స్త్రీ ఉనికి అంతా ముఖంలోనే ఉందన్న నమ్మకం ఉన్నచోటనే ఇటువంటి శిక్షకు అర్థం ఉంటుంది. ప్రేమను తిరస్కరించిన యువతి ముఖం మీద ఆమ్లం పోసే నేటి నేరం వెనుక ఉన్నదీ ఈ నమ్మకమే. కారణం తారుమారైంది, గురి మాత్రం మారలేదు.

ఓల్గా ఈ మూలంలో ఒక కీలకమైన మార్పు చేశారు. ‘సమాగమం’లోని శూర్పణఖ పుట్టుకతో వికృతరూపి కాదు. ఆమె ఒకప్పుడు అందగత్తె, తన అందాన్ని ప్రేమించుకున్న స్త్రీ. ఈ మార్పుకు కథలో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. పోగొట్టుకున్న తీవ్రతను పాఠకుడు అనుభవించగలగడం లాభం. మొదటి నుంచీ ‘అందం లేనిది’ అనిపించుకుంటూ పెరిగిన స్త్రీ, అంటే వాల్మీకి చిత్రించిన పెద్ద పొట్ట గల, రాగి జుట్టు గల స్త్రీ, కథలోంచి జారిపోవడం నష్టం. పోయిన అందానికి దుఃఖించే హక్కును సమాజం కొంతవరకైనా గుర్తిస్తుంది. ఎన్నడూ అందగత్తె అనిపించుకోని స్త్రీకి ఆ దుఃఖం కూడా దక్కదు.

4. ‘సమాగమం’ - చేతులతో గెలుచుకున్న దేహం:

వాల్మీకి ఆశ్రమంలో పెరుగుతున్న లవకుశులు ఒకరోజు అడవిలో అపురూపమైన తోటను చూసి, పూలు తెచ్చి తల్లికి చూపిస్తారు. ఆ తోట యజమానురాలికి ముక్కుచెవులు లేవని, ఆమె రూపం చూడలేకపోయామని పిల్లలు చెబుతారు. ఆమె ఎవరో గ్రహించిన సీత ఆమెను వెతుక్కుంటూ వెళ్తుంది. కథలో ప్రధాన భాగం ఆ ఇద్దరి సంభాషణే.

ఈ కథనంలో మూడు అంశాలు దేహగౌరవ దృష్టితో గమనించదగినవి. మొదటిది, శూర్పణఖ ద్వేషాన్ని దాచకపోవడం. రూపం పోయిన తొలినాళ్ళలో అందమైన ప్రతిదాన్నీ ఆమె అసహ్యించుకున్నది, నాశనం చేయాలనుకున్నది. ‘నిన్ను నువ్వు ప్రేమించుకో’ అనే ఒక్క వాక్యంతో పని జరిగిపోతుందని చెప్పే ప్రచారాలకు ఈ దశ కనిపించదు. ఓల్గా దాన్ని దాటవేయలేదు. ఆత్మగౌరవం ఒక నిర్ణయంతో రాదని, కాలం తీసుకునే పోరాటమని కథ అంగీకరిస్తుంది.

రెండవది, ఆమె బయటపడిన తీరు. శూర్పణఖ తన ముఖాన్ని అందమైనదిగా భావించడం నేర్చుకోలేదు. ముఖం నుంచి దృష్టిని మళ్ళించి, తన చేతులను కనుగొన్నది. మట్టి తవ్వి, విత్తు నాటి, తీగ అల్లి, నీరు పెట్టిన ఆ చేతులను ప్రేమించడం ద్వారా దేహాన్ని తిరిగి తనది చేసుకున్నది. ప్రకృతిలోని రూపాల వెనుక ఉన్న అంతస్సంబంధాన్ని గ్రహించిన కొద్దీ రూపం, వికృతి అనే విభజన ఆమెకు అర్థం కోల్పోయింది. చూడబడే దేహం చేసే దేహంగా మారడమే ఈ కథ సాధించిన మలుపు. అద్దంలో ముఖం కనిపిస్తుంది. తోటలో పని కనిపిస్తుంది.

మూడవది, సుధీరుడి స్థానం. ఆమె జీవితంలో ఒక పురుషుడున్నాడు. అయితే అతని ప్రేమ ఆమెకు ధ్రువపత్రం కాదు. స్త్రీ జీవిత సార్థకత పురుషుడితో సంబంధంలో మాత్రమే లేదని గ్రహించిన తరువాతే ఆ సంబంధం ఏర్పడింది. ‘సైజ్ జీరో’ ముగింపుకూ ఈ కథకూ ఉన్న తేడా ఇక్కడే స్పష్టమవుతుంది.

ఎదురుగా కూర్చున్న సీత అందం చెక్కుచెదరలేదు. అయినా ఆమె దేహం అగ్నిలో పరీక్షకు గురైంది, అడవికి పంపబడింది. చెక్కుచెదరని అందం సీతను కాపాడలేదు. కోల్పోయిన అందం శూర్పణఖను అంతం చేయలేదు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడం ద్వారా రూపానికి సమాజం ఇచ్చిన విలువ ఎంత డొల్లదో కథ వాదన లేకుండానే చూపించింది.

5. సిరిసిల్ల - చేతుల విలువ:

2016 అక్టోబరు 11న ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లా కేంద్రం మరమగ్గాలకు ప్రసిద్ధి. స్థానికులు వీటిని సాంచాలు అంటారు. సాంచాల మీద ఎక్కువగా పురుషులు పని చేస్తే, కండెలు చుట్టడం వంటి అనుబంధ పనుల్లోనూ, ఇంటి వద్ద బీడీలు చుట్టడంలోనూ స్త్రీలు కనిపిస్తారు. నేత సంక్షోభం కుటుంబాలను కుంగదీసిన కాలంలో, నేతన్నల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కలచివేసిన కాలంలో, ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించింది బీడీ కూలీయే. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లోనూ ఈ పని ఇంటింటా ఉన్నదే.

తునికాకును నానబెట్టి, కొలత ప్రకారం కత్తిరించి, ఒడిలోని చాటలో పొగాకు పెట్టుకుని, చుట్టి, దారం కట్టి, కొన మడిచే ఈ పని గంటల తరబడి వంగి కూర్చుని చేయవలసినది. కూలి వెయ్యి బీడీల లెక్కన ఉంటుంది. కార్ఖానాలో బాగా లేవని పక్కన పెట్టిన బీడీలకు కూలి దక్కదు. నడుమూ మెడా వంగిపోతాయి, వేళ్ళకు పొగాకు మరకా వాసనా పడతాయి. పొగాకు ధూళి ఊపిరితో లోపలికి పోవడమే కాక, పొగాకులోని నికోటిన్ చర్మం గుండా కూడా శరీరంలోకి చేరుతుంది. తన చర్మంలో తాను నిబ్బరంగా ఉండడం అనే మాటకు ఇక్కడ అక్షరార్థం వస్తుంది. ఈ స్త్రీకి చర్మం రంగుకు ముందు చర్మం లోపలికి ఏం చేరుతున్నదన్నది ప్రశ్న.

బీడీలు చుట్టడం వచ్చిన పిల్లకు సంబంధం తొందరగా కుదురుతుందనే మాట ఈ ప్రాంతంలో చాలాకాలంగా వినిపించేదే. ఈ మాటను జాగ్రత్తగా చదవవలసి ఉంది. పెళ్ళిచూపుల్లో చూపు ముఖం నుంచి చేతులకు మారింది. శూర్పణఖ తన విషయంలో సాధించిన మార్పు కూడా పైకి ఇదే. కాని ఇక్కడ ఆ మార్పు విముక్తి కాలేదు. రంగును తూచే త్రాసు పోయి వేళ్ళ వేగాన్ని తూచే త్రాసు వచ్చింది. రోజుకు ఎన్ని వందలు చుడుతుందన్నది అమ్మాయి విలువకు కొలమానమైనప్పుడు, వేళ్ళు నెమ్మదించిన రోజున ఆమె విలువ ఏమిటన్న ప్రశ్నకు జవాబు ఉండదు. పైగా, చేతుల వేగం చూసిన ఇల్లు రంగును చూడడం మానుకుంటుందన్న హామీ కూడా లేదు. రెండు త్రాసులూ ఒకే ఇంట్లో ఉండవచ్చు.

6. ‘సమాగమం’ ఆగిన చోటు:

ఇప్పుడు కథకు తిరిగి రావచ్చు. శూర్పణఖ తోటలో కార్ఖానా లేదు, కమీషన్‌దారు లేడు. ఏ మొక్క ఎక్కడ నాటాలో, ఎప్పుడు విశ్రమించాలో ఆమె నిర్ణయించుకుంటుంది. బాగా లేదని ఎవరూ ఆమె పూవును పక్కన పెట్టరు. ఆమె చేతులను ప్రేమించగలిగింది అవి పని చేసినందువల్ల మాత్రమే కాదు. ఆ పని మీద ఆమెకు అధికారం ఉన్నందువల్ల. కథ ఈ రెండవ కారణాన్ని పైకి చెప్పదు. అడవి ఎవరిదీ కానట్లు, నేల ఎల్లప్పుడూ అందుబాటులో ఉన్నట్లు, కాలానికి కూలి లేనట్లు అది సాగుతుంది. పురాణ వాతావరణం కథకు ఇచ్చిన స్వేచ్ఛ ఇది. కథలోని మౌనమూ ఇదే.

దీన్ని కథ లోపంగా కొట్టిపారేయడం సరికాదు. పునఃకథనానికి దాని హద్దులు దానికి ఉంటాయి. శ్రామిక స్త్రీల ఆర్థిక చిత్రణను దాని నుంచి ఆశించడం అన్యాయం. పైగా, దేహగౌరవాన్ని రూపం నుంచి వేరుచేసి పనితో ముడిపెట్టిన ఈ కథే లేకపోతే సిరిసిల్ల స్త్రీ గురించిన ప్రశ్నను ఈ తీరులో అడగడానికి వీలుండేది కాదు. అద్దపు మార్గంలో ఆమెకు చోటే లేదు. కథ తెరిచిన దారిలో మరొక అడుగు వేయవలసిన బాధ్యత విమర్శది. చేతులు దేహాన్ని తిరిగి ఇవ్వగలవు. ఆ చేతులు ఎవరి లెక్కకు పని చేస్తున్నాయన్నది ముందు తేలాలి.

ఈ దృష్టితో చూస్తే చట్టాలు కూడా దేహం గురించిన పాఠ్యాలే. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం పని గంటలను, సెలవులను, పని స్థలాన్ని గురించి మాట్లాడింది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలనెలా ఇస్తున్న జీవన భృతి 2019లో 2,016 రూపాయలకు పెరిగింది. వీటిలో ఎక్కడా ఆత్మవిశ్వాసం అనే మాట లేదు. అయినా వంగిన నడుముకు విశ్రాంతి హక్కు ఉందని గుర్తించే వాక్యం, ఆ నడుము అందమైనదేనని చెప్పే వాక్యం కన్నా దేహగౌరవానికి దగ్గరగా ఉంటుంది.

7. చీర - కొలత లేని వస్త్రం:

సిరిసిల్ల ఈ చర్చకు మరొక ప్రతీకను కూడా అందిస్తుంది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల పథకం కింద రాష్ట్రంలోని లక్షలాది స్త్రీలకు పంచిన చీరల్లో ఎక్కువ భాగం సిరిసిల్ల సాంచాల మీద తయారయ్యాయి. కుట్టని వస్త్రమైన చీరకు పెద్దది, చిన్నది అనే కొలతలు లేవు. సన్నని పిల్ల, లావుపాటి ఇల్లాలు, నిండు చూలాలు, ముదుసలి - అందరూ ఒకే నిడివిని తమ తమ ఒళ్ళకు తగినట్లు మలచుకుంటారు. గోచీ పెట్టి కట్టే పెద్దవయసు స్త్రీల కోసం పొడవైన చీరలను విడిగా నేయించడంలో కూడా దేహానికి బట్ట సర్దుకోవాలన్న సూత్రమే ఉన్నది. కొలతకు దేహం సర్దుకోవాలనే ‘సైజ్ జీరో’ లోకానికి ఇది తిరుగుడు పోగు.

అయితే ఈ ప్రతీకను అతిగా మెచ్చుకోవడంలో ప్రమాదం ఉంది. జయప్రభ తగలెయ్యమన్న పైట ఆ చీరలోని చెరగే. దేహానికి సర్దుకునే వస్త్రమే దేహాన్ని సిగ్గుతో కప్పే సాధనం కూడా అయింది. పంచిన తొలి ఏడాదే చీరల నాణ్యతపై స్త్రీలు బహిరంగంగా అసంతృప్తి తెలిపారు. ఆ నిరసనను రాజకీయాలకు పరిమితం చేసి చూడనవసరం లేదు. ఉచితంగా వచ్చినా తన ఒంటి మీదికి వచ్చే బట్ట తనకు నచ్చాలని పేద స్త్రీ అడగడం కూడా దేహగౌరవ ప్రకటనే.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. రూపాన్ని మెచ్చుకోవడం ద్వారా దేహగౌరవాన్ని కలిగించాలనుకునే మార్గం, చూసే కంటిని చూసే స్థానంలోనే ఉంచుతుంది. ‘సమాగమం’ దీన్ని దాటి, చేసే దేహాన్ని గౌరవానికి ఆధారంగా నిలిపింది. ద్వేషం, కాలం, శ్రమ అనే మెట్లను దాచకుండా చూపడం ఈ కథ విశిష్టత. అయితే శ్రమ దానంతట అది విముక్తి కాదని సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల బీడీ కార్మిక స్త్రీల అనుభవం హెచ్చరిస్తుంది. పని మీద అధికారం లేనిచోట చేతులు కూడా మరొక ముఖమై, మరొక పెళ్ళిచూపుల్లో నిలబడతాయి.

కాబట్టి తెలుగు సాహిత్యంలో దేహాన్ని గురించిన పరిశోధన రూపవర్ణనల దగ్గర, లైంగికత దగ్గర ఆగిపోకుండా నడుము, మెడ, వేళ్ళు, ఊపిరి వంటి పనిచేసే అవయవాల వైపు సాగవలసి ఉంది. నేత, బీడీ జీవితాలపై వచ్చిన తెలంగాణ కవిత్వంలో, కథల్లో స్త్రీ చేతులు ఏ విధంగా చిత్రితమయ్యాయన్నది విడిగా పరిశీలించదగిన అంశం. బీడీలు చుట్టే స్త్రీలు తమ ఒంటి గురించి తాము వాడుకునే మాటలను సేకరించడం కూడా అంతే అవసరం. సీత శూర్పణఖ తోటకు నడిచి వెళ్ళి, ఆమె మాటలు విని, తన జీవితాన్ని కొత్తగా చూసుకున్నది. చాట ఒడిలో పెట్టుకుని వాకిట్లో కూర్చున్న స్త్రీ దగ్గరకు విమర్శ వెళ్ళవలసిన నడక ఇంకా మిగిలే ఉన్నది.